టిక్కు పెట్టిన గడి

రసజ్ఞ ఫార్మ్-డి అనే ఆరేళ్ల మందుల కోర్సులో ఐదో ఏడాది చదువుతోంది. కాలేజీ బాచుపల్లిలో. శిక్షణ మాత్రం మియాపూర్ దగ్గర ఒక పెద్దాసుపత్రిలో. అక్కడ మందుల కౌంటరు పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి విద్యార్థులను కూర్చోబెట్టేవారు. మందులు తీసుకున్న ప్రతి రోగీ ఆ బల్ల దగ్గరికి రావాలి. ఏ మాత్ర ఎందుకు, ఎప్పుడు, ఎన్నాళ్లు వేసుకోవాలో, ఒంట్లో ఏ తేడా కనిపిస్తే పరిగెత్తుకు రావాలో విద్యార్థులు విడమరిచి చెప్పాలి.

ఆ పని నేర్పింది రత్నమాల మేడమ్. రాజమండ్రి నుంచి వచ్చి పదిహేనేళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్న మనిషి. మొదటి రోజే వాళ్లకు ఒక మాట చెప్పింది.

"'అర్థమైందాండీ' అని మాత్రం అడగొద్దు. అడిగితే అందరూ తలూపుతారు. తెలియలేదని చెప్పడానికి మనుషులకు సిగ్గమ్మా. 'ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో నాకొకసారి చెప్పండి' అని అడగండి. వాళ్ల నోటితో వాళ్లు చెప్పాకే మీ పని అయినట్టు."

అందుకే ఆవిడ తయారుచేసిన ఫారంలో ఆఖరి గడి పక్కన 'రోగి చేత తిరిగి చెప్పించాను' అని ఉంటుంది. రసజ్ఞ మొదటి నెలంతా ఆ గడిని నిజాయితీగానే నింపింది. పరీక్షల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల. తను చెప్పేది ఎవరికైనా ఇట్టే అర్థమవుతుందని ఆమెకు నమ్మకం.

రుక్కమ్మ వచ్చింది ఒక సోమవారం. ఖాజాగూడలో అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తుంది. వయసు యాభై దాటింది. రోజుకు మూడు వందల చపాతీలు ఒత్తే చేతులు. ఆ వేళ్ల కణుపులన్నీ వాచి, పిడికిలి ముడుచుకోవడం లేదు. కీళ్లవాతమని తేల్చి డాక్టరు రెండు రకాల మాత్రలు రాశాడు. ఒకటి చాలా బలమైనది, వారానికి ఒక్కటంటే ఒక్కటే వేసుకోవాలి. రెండోది ఆ మందు ఒంటికి చేసే చెరుపును తగ్గించే విటమిన్, మిగతా ఆరు రోజులూ వేసుకోవాలి. రెండూ చిన్నవే, రెండూ పసుపు రంగువే.

ఆ రోజు బల్ల ముందు పదిహేను మంది వరుసలో ఉన్నారు. రసజ్ఞ రెండు స్ట్రిప్పులూ చూపించి గబగబా చెప్పింది. "ఇది సోమవారం మటుకే అమ్మా, ఇది మిగతా రోజులు. మొదటిది రోజూ వేసుకుంటే ప్రమాదం. సరేనా?"

రుక్కమ్మ తలూపింది. రెండు అడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "బిడ్డా, జర ఇంకోపారి చెప్పరాదు? గీ రెండిట్ల..."

"కవరు మీద రాశానమ్మా. ఇంట్లో ఎవరి చేతైనా చదివించుకోండి," అంది రసజ్ఞ, అప్పటికే తర్వాతి మనిషి కాగితం అందుకుంటూ.

రుక్కమ్మ కవరు కొంగున దోపుకుని వెళ్లిపోయింది. రసజ్ఞ ఫారంలో గడులన్నీ పైనుంచి కిందికి ఒక్క ఊపున నింపింది. ఆఖరి గడిలో కూడా టిక్కు పెట్టింది.

రెండు వారాల తర్వాత రత్నమాల మేడమ్ వెంట వార్డు రౌండుకు వెళ్లినప్పుడు, మూడో మంచం మీద ఆ వాచిన వేళ్లను చూసి రసజ్ఞ గుర్తుపట్టింది. మొహాన్ని చూసి గుర్తుపట్టే స్థితి లేదు. పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా దిగడం లేదు. విడవని జ్వరం. నెత్తురులో తెల్లకణాలు దాదాపు అడుగంటాయి. వారానికొకటి వేసుకోవాల్సిన మాత్రను పది రోజుల పాటు రోజుకొకటి వేసుకుంది. విటమిన్ మాత్రను మాత్రం సోమవారాలు వేసుకుంది.

డ్యూటీ డాక్టరు కేసు కాగితాలు తిరగేసి రసజ్ఞ ఫారం బయటికి తీశాడు. "మన వైపు లోపమేం లేదు మేడమ్. కౌన్సెలింగ్ చేశారు, తిరిగి చెప్పించారు కూడా. చదువురాని మనిషి, ఇంటికెళ్లి తారుమారు చేసుకుంది."

మంచం పక్కన నిలబడ్డ కూతురు అశ్విని ఆ మాట విన్నది. అశ్విని ఒక కాల్ సెంటర్లో రాత్రి షిఫ్టు చేస్తుంది. పొద్దున తల్లి మందులు వేసుకునే వేళకు ఆమె నిద్రలో ఉంటుంది. వారం రోజులుగా దాచుకున్న భయమంతా ఒక్కసారి కోపమై బయటికొచ్చింది.

"గంత మంచిగ చెప్పిచ్చుకున్నరంట గదనే! నీకు జర సోయి ఉండొద్దా? నన్ను లేపితే ఏం బోయింది? మొద్దు లెక్క చేతికొచ్చింది మింగుడేనా?"

రుక్కమ్మ కళ్లు మెల్లగా తిరిగి రసజ్ఞ మీద ఆగాయి. ఇప్పుడు చెప్పేస్తుంది, అడిగితే చెప్పలేదని అందరి ముందూ అనేస్తుంది అనుకుంది రసజ్ఞ. రుక్కమ్మ పెదవులు కష్టం మీద కదిలాయి.

"నాదే తప్పు బిడ్డా. మర్శిన."

రసజ్ఞ చుట్టూ చూసింది. మేడమ్ పక్కనే ఉంది, డాక్టరు ఉన్నాడు, తోటి విద్యార్థులు ఉన్నారు. రేపు చెబుదాం అనుకుంది. ముందు రుక్కమ్మను కోలుకోనీ, అప్పుడు చెబుదాం అనుకుంది. విరుగుడు ఇంజెక్షన్లు ఇస్తున్నారు కదా, కోలుకోకుండా ఎలా ఉంటుంది అని తనకు తనే ధైర్యం చెప్పుకుంది. అలా మూడు రోజులు గడిచాయి. రోజూ ఏదో వంకతో వార్డు గుమ్మం దాకా వెళ్లేది. లోపల అశ్విని, తల్లి నోట్లో చెంచాతో నీళ్లు పోస్తూ, మళ్లీ మళ్లీ అదే మాట అడుగుతుండేది, "ఎందుకు లేపలేదే అమ్మా?"

నాలుగో రోజు ఉదయం రసజ్ఞ వచ్చేసరికి మూడో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మార్చేసి ఉంది.

ఆమె తిన్నగా రత్నమాల మేడమ్ గదికి వెళ్లింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "నేను చెప్పించలేదు మేడమ్. ఆవిడ వెనక్కొచ్చి అడిగితే కవరు చూసుకోమన్నాను. ఆ టిక్కు అబద్ధం."

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మొదటి రోజే చెప్పి ఉంటే వైద్యంలో తేడా వచ్చేది కాదమ్మా. కానీ ఆవిడ ఆ నింద మోసుకుని పోయేది కాదు," అని, ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది. "జరిగింది జరిగినట్టు రాయి. నా సంతకం కూడా పెడతాను. వరుసలో పదిహేను మంది ఉన్నప్పుడు నిన్నొక్కదాన్నీ అక్కడ వదిలేసింది నేనే."

వారం తిరక్కుండానే విచారణ జరిగింది. రసజ్ఞ శిక్షణను ఆపేసి, ఆ ఏడాది మళ్లీ చేయమన్నారు. చావు కారణం దగ్గర 'రోగి పొరపాటు' అని రాసింది కొట్టేశారు. ఆ కాగితం ఆసుపత్రి బీరువాలోకి పోయింది. అశ్వినికి ఎవరు చెప్పాలో మాత్రం ఎవరూ తేల్చలేదు. రసజ్ఞ తనే చెబుతానంది.

తల్లి చావు కాగితాల కోసం అశ్విని ఆసుపత్రికి వచ్చినప్పుడు, మెట్ల దగ్గర ఆమెను ఆపి అంతా చెప్పింది. అశ్విని కేకలు వేయలేదు. మెట్టు మీద కూలబడింది.

"మూడు దినాలు నా ముంగటనే తిరిగినవ్ గదా," అంది చివరికి. "అప్పుడు ఒక్క మాట చెప్తే నేను మా అమ్మను తిట్టకపోతుంటి. మొద్దు అన్న నేను. పాణం పోయేదాంక అదే అన్న."

రసజ్ఞ ఆమె ముందు మెట్టు మీద కూర్చుంది.

"నాతోని చెప్పి ఏం ఫాయిదా? మా మామ ఉన్నడు, మహేందర్ అని, అమ్మకు తమ్ముడు. వచ్చినోళ్లందరికి చెప్తుండు, అక్క సోయి లేక సచ్చిందని. పదకొండొద్దులనాడు మా ఇంటికి రా. అందరి ముంగట చెప్పు."

రసజ్ఞ వెళ్లింది. రత్నమాల మేడమ్ తోడు వస్తానంటే వద్దంది. ఖాజాగూడ చెరువు వెనక సందులో, రేకుల ఇంటి ముందు టెంటు వేశారు. చాపల మీద ఇరవై ముప్పై మంది చుట్టాలున్నారు. హాస్టల్ నుంచి వచ్చిన ఐదారుగురు అమ్మాయిలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. అశ్విని ఆమెను చూసి, "చెప్పు" అన్నట్టు తల ఎత్తింది.

ఆమె చెప్పింది. ఏదీ దాచలేదు. రుక్కమ్మ అడిగిందనీ, తను వినలేదనీ, పెట్టకూడని చోట టిక్కు పెట్టిందనీ, ఆ మనిషి తప్పు తన మీద వేసుకుంటుంటే చూస్తూ ఊరుకుందనీ. ఒక ముసలావిడ దోసెడు మట్టి ఎత్తిపోసి శపించింది. ఎవరో, "గీ మాట చెప్పనీకి గింత దూరం వచ్చినవా?" అన్నారు. రసజ్ఞ తల వంచుకునే నిలబడింది.

అప్పుడు చాప మీదున్న మహేందర్ లేచాడు. నలభై ఏళ్లుంటాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగులను ఇళ్ల నుంచి తీసుకెళ్లే క్యాబ్ నడుపుతాడు. ఆమెను కొట్టడానికే వస్తున్నాడనుకుని ఇద్దరు అతని చేయి పట్టుకున్నారు. అతను వాళ్లను విడిపించుకుని, రసజ్ఞ వైపు చూడకుండా, అశ్విని ముందు కూర్చున్నాడు.

"అక్క ఆ రోజే నాకు ఫోన్ చేసింది బిడ్డా. రెండు పసుపు గోలీలు ఉన్నయ్, ఏది రోజు ఏసుకోవాలె అని అడిగింది. గచ్చిబౌలి సిగ్నల్ల ఉన్న. ఎన్కనుంచి హారన్లు కొడుతుండ్రు. పేర్లు చదువుమంటే ఆమెకు ఏడొస్తది? ఏది పెద్ద స్ట్రిప్ ఉన్నదో అదే రోజుది అయ్యుంటదిలే అని ఫోన్ పెట్టేసిన." అతను తల కిందికి వేసుకున్నాడు. "దవాఖానల నిజం చెప్పుదామనుకున్న. చెప్పకు అన్నట్టు చెయ్యి ఊపింది. ఇగ అప్పటి సంది ఆమెనే అంటున్న, ఆమెనే."

అశ్విని తల్లి పోయినప్పటి నుంచి ఏడవలేదని చుట్టాలు చెప్పుకునేవారు. ఇప్పుడు ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"ఇద్దర్ని అడిగింది మామా. గంత సోయి ఉన్నది మా అమ్మకు. ఇద్దర్ని అడిగింది."

ఆ ఏడుపు ఎంతసేపటికీ ఆగలేదు. హాస్టల్ అమ్మాయిల్లో ఒకామె వచ్చి అశ్విని వీపు మీద చేయి వేసింది. మహేందర్ జనం విడిచిన చెప్పుల మధ్య నేల మీదే కూర్చుండిపోయాడు. రసజ్ఞ టెంటు అంచున, ఎండలో, చేతులు కట్టుకుని నిలబడే ఉంది.