అతికించిన సమాప్తం

నేను ఒక బైండు పుస్తకాన్ని. ఏలూరులో ఒక ఇంట్లో, వారపత్రికలోంచి వారం వారం చింపి దాచిన సీరియల్ కాగితాలతో తయారయ్యాను. ఆ సీరియల్ పేరు ‘మంచుద్వారం’. ఇన్నేళ్ళకు దాన్ని టీవీవాళ్ళు తీశారు.

మొదటి సీజన్ ఆఖరి భాగం వచ్చిన ఆదివారం, ఇంట్లో పొద్దున్నే వేరుశెనగపప్పు మీద గొడవయింది. టీవీ చూస్తూ తిందామని సువర్చల వేయించి పెట్టిన పప్పును ఆమె భర్త శేషగిరి పేపరు చదువుతూ సగం ఖాళీ చేశాడు.

“మూత తీసి చూశానంతే” అన్నాడాయన.

“చూస్తేనే సగమయిందంటే, ముట్టుకుంటే డబ్బా కూడా మిగిలేది కాదు.”

“దాని కోపం నీ మీద కాదురా. టీవీవాళ్ళు కథ ఎక్కడ పాడుచేస్తారోనని” అంది శేషగిరి అక్క మాణిక్యాంబ. ఆవిడ గోంగూర పచ్చడి సీసా పట్టుకుని పవర్‌పేట నుంచి పొద్దున్నే వచ్చింది. ఎందుకో ఆ రోజు ఆవిడ కూడా స్థిమితంగా లేదు.

సీరియల్ వచ్చిన రోజుల్లో మాణిక్యాంబ పక్క వాటాలోనే ఉండేది. గురువారం పత్రిక రాగానే వదినా మరదళ్ళు ముందు నేనంటే నేనని లాక్కునేవారు. అన్నం మాడిన వారాలూ ఉన్నాయి. చదవడం అయ్యాక మాణిక్యాంబ పిన్నులు విప్పి కాగితాలు తీసేది. అందుకే నా పేజీల వెనక సగం వంటలు, సగం జోకులు ఉంటాయి. ఆ జోకులకు జనం ఎందుకు నవ్వారో నాకిప్పటికీ తెలియదు.

కథ పూర్తయ్యాక బైండరు నాకు నీలం కాలికో గుడ్డ అట్ట వేశాడు. తరవాత వీధంతా తిరిగాను. ఒకరింట్లో కాఫీ మరక, ఇంకొకరింట్లో పసుపు వేళ్ళ గుర్తు. నవల అచ్చులో వచ్చినా సువర్చల కొనలేదు. మన దగ్గర ఉందిగా, అనేది. కథలో తరళ అనే పడవపిల్ల చీకటిసేన రాకుండా కొండకున్న ద్వారం మూసేస్తుంది. నా ఆఖరి పేజీలో, ద్వారం మూసుకుంది అన్న వాక్యం కింద ‘సమాప్తం’ అని ఉంటుంది. సువర్చల కూతురి పేరు కూడా తరళే.

టీవీలో ద్వారం మూసుకుంది. కాని తరళ అవతలివైపు ఉండిపోయింది. చీకటిసేన ఆమెను చుట్టుముట్టడంతో సీజన్ అయిపోయింది.

వెంటనే కూతురు ఫోన్‌లో జనం రాస్తున్నవి చదివి వినిపించింది. “తరళను చంపిన దర్శకుడికి మా ఊళ్ళో మంచినీళ్ళు కూడా ఇవ్వం, అంటున్నాడమ్మా ఒకాయన. ఈవిడేమో, ఇదంతా కల, రెండో సీజన్‌లో లేస్తుంది చూడండి, అంటోంది.”

“నేను చెప్తాను, రాయవే” అంది సువర్చల. “నవల చదవనివాళ్ళు తీసినట్టుంది. అసలు కథలో తరళ బతుకుతుంది. పుస్తకం మా ఇంట్లో ఉంది.”

మా అమ్మ చెప్తోంది అంటూ కూతురు రాసింది. వెంటనే జవాబులు వచ్చాయి. “ఆంటీ, నవలలోనూ చనిపోతుంది. ఆఖరి అధ్యాయం చదివారా?”

సువర్చల లేచి బీరువాలోంచి నన్ను తీసింది. ఆఖరి పేజీ తిప్పి కళ్ళజోడు సర్దుకుంది. సమాప్తం అన్న మాట మీద వేలితో రుద్దింది. అంచు తగిలింది. అచ్చు కూడా వేరు. అది మైదా జిగురుతో అతికించిన ముక్క. ఇన్నేళ్ళూ నాకు తెలుసు. పుస్తకాలు అడగందే చెప్పవు, ఎవరూ అడగలేదు.

“వదినా” అంది.

మాణిక్యాంబ పమిట కొంగు మడత పెట్టుకుంటూ చెప్పింది. “నీకప్పుడు ఏడో నెల. బీపీ ఎక్కువగా ఉంది, మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ముందు వారం ఆ పిల్ల నదిలో పడిపోయిందనే నువ్వు అన్నం మానేశావు. ఆడపిల్ల పుడితే తరళ అని పెడతానని అందరికీ చెప్పేశావాయె. ఆ గురువారం నేనే ముందు చదివాను. ఇంక నీకెలా ఇవ్వను? ద్వారం మూసుకున్నంతవరకే ఉంచి, తరవాతి కాగితాలు తీసేశాను.”

“మరి ఈ సమాప్తం?”

“పక్క సీరియల్‌ది. ఎవరో డాక్టరమ్మ కథ.”

“చచ్చిపోయే పిల్ల పేరు నా కూతురికి పెట్టించావా?”

“బతికే పిల్ల పేరే పెట్టావు నువ్వు. నీకు తెలిసింది అంతేగా.”

“అయితే నాకు పేరు నిలబెట్టింది నువ్వన్నమాట అత్తా” అంది కూతురు. సువర్చల నవ్వలేదు. ఆ కాగితాలు ఏం చేశావని మాత్రం అడిగింది. పారెయ్యడానికి చేతులు రాలేదట. మాణిక్యాంబ ట్రంకుపెట్టె అడుగున పరిచి, మీద పట్టుచీరలు పెట్టుకుంది.

భోజనాల దగ్గర నన్ను గోంగూర సీసా పక్కనే పెట్టారు. మాణిక్యాంబ అన్నం కెలుకుతోంది గాని తినడం లేదు. శేషగిరి మాత్రం పెరుగు దాకా వచ్చేశాడు.

“రేపు మీ అక్కయ్యతో వెళ్ళి ఆ కాగితాలు తీసుకురండి” అంది సువర్చల ఆయనతో. “దీన్ని విప్పించి చివర కలిపి కుట్టిస్తాను.”

“అయితే ఆ ముక్క పీకించెయ్యి” అంది మాణిక్యాంబ, తలెత్తకుండానే.

“దాన్ని ముట్టుకోవద్దని బైండరుకి నేనే చెప్తాను వదినా. అక్కడ ఆగాలనుకున్నవాళ్ళు ఆగుతారు” అంటూ సువర్చల ఆవిడ అన్నం మీద నెయ్యి వేసింది.