ఆఖరి పాటలో గిటారు

స్టూడియోలో రోజూ పొద్దున జరిగేది ఒకటే. సౌండు ఇంజినీరు వచ్చి చిక్కుపడ్డ వైర్లు విడదీసేవాడు. ఫిడేలు వాయించే బక్కమామ కుర్చీ కిర్రుమంటోందని సణిగి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చునేవాడు. పాటలు పాడే అక్క తన భర్త డోలును ఆటోలోంచి దించి, మెత్తటి గుడ్డతో తుడిచి, రికార్డింగు గది అద్దం పక్కన బల్ల మీద పెట్టేది. ఇంజినీరు దానికి రెండు వైపులా మైకులు బిగించేవాడు.

"నిన్న బావగారిది కుడివైపు దెబ్బ కాస్త ఎక్కువైందమ్మా."

"ఆయనెప్పుడూ అంతే. నువ్వే మైకు వెనక్కి జరుపు," అనేది అక్క.

ఆమె భర్త పోయి అప్పటికి ఒక చలికాలం దాటింది. పాట ఎత్తుకుంటే చాలు, డోలు దానంతటది మోగేది. పుల్లలు పక్కనే పడి ఉండేవి. దెబ్బ పడ్డ చోట చర్మం అదిరేది. ఆల్బమ్ సగంలో వదిలి వెళ్ళాడు, వచ్చి పూర్తి చేస్తున్నాడు, అందులో అనుకోవడానికి ఏముంది అన్నట్టుండేవాళ్ళు అందరూ.

వచ్చిన చిక్కల్లా ఒకటే. అక్క తమ్ముడు గిటారు మీటగానే డోలు ఆగిపోయేది.

పొలాల్లో, పడవల మీద జనం పాడుకునే పాటలకు గిటారు జోడించి వాళ్ళ బృందం పేరు తెచ్చుకుంది. అందులో సగం పేరు తమ్ముడిదే. కానీ ఒక కచేరీ ముగించుకుని వ్యానులో బావ, తమ్ముడు తిరిగొస్తుంటే, వంతెన మలుపులో బండి ఒక పాలాయన సైకిల్ని గుద్ది గోడకు కొట్టుకుంది. పాలాయన అక్కడికక్కడే పోయాడు. బావ ఆసుపత్రి దాకా ఊపిరితో ఉన్నాడు. తమ్ముడు బతికాడు. "బండి నేనే నడిపాను, కునుకు పట్టింది," అని పోలీసులకు చెప్పాడు. కేసు నడుస్తోంది.

కాబట్టి డోలు ఎందుకు ఆగుతోందో ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఇంజినీరు గిటారును విడిగా రికార్డు చేసి కలిపి చూశాడు. గిటారు వినబడ్డ చోటల్లా డోలు శబ్దం మాయమైంది.

"ఈ ఆల్బమ్‌లో గిటారు వద్దులేరా," అంది అక్క.

"సరే అక్కా."

అయినా తమ్ముడు రోజూ వచ్చేవాడు. బయట మెట్ల మీద కూర్చునేవాడు. బక్కమామ చూడలేక, "వాడు నీ తోడబుట్టినవాడమ్మాయ్," అన్నాడు ఒకరోజు.

"ఆయన పోయింది వాడు నడిపిన బండిలో మామా. వాణ్ణి ఇంట్లోంచి పొమ్మనలేదు. అంతకు మించి నా వల్ల కావడం లేదు."

ఒక్కో పాటా అయిపోయింది. పడవ పాట ఒక్కటే మిగిలింది. బావ, తమ్ముడు కలిసి కట్టిన పాట అది, గిటారుతోనే మొదలవుతుంది. దాన్ని వదిలేద్దామనుకుంటున్నారు. తమ్ముడికి జైలు తప్పదని ఆ వారమే లాయరు తేల్చి చెప్పాడు.

"లోపలికి పోయే ముందు ఒక్కసారి బావ దగ్గర కూర్చుంటానక్కా," అన్నాడు తమ్ముడు. అక్క తలుపు దగ్గర నుంచి పక్కకు తప్పుకుంది.

ఆమె టీ తాగి వచ్చేసరికి ఇంజినీరు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. డోలు మైకులు ఆపలేదు, రికార్డింగు నడుస్తూనే ఉంది. అద్దం అవతల తమ్ముడి వీపు కనబడుతోంది.

"నువ్వు సిగ్గుపడకు బావా. తాగావని అక్కకు చెప్పలేదు. ఆసుపత్రి దారిలో ఒట్టేయించుకున్నావుగా, చెప్పను. స్టీరింగు నీ చేతిలో ఉందని ఎవరికీ తెలీదు. జైలంటావా, నాకు పెళ్ళామా పిల్లలా, ఎలాగో గడిచిపోతుంది. నా ముందు ఇలా చేతులు ముడుచుకుని కూర్చోకు. వాయించు."

తర్వాత డోలు మీద చిన్న దెబ్బ పడింది. తమ్ముడు గిటారు అందుకున్నాడు. డోలు ఆగలేదు.

మందు ముట్టనని ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన మనిషి ఆయన. అక్క హెడ్‌ఫోన్లు ఇంజినీరుకు తిరిగిచ్చింది. తర్వాత తలుపు తోసుకుని లోపలికెళ్ళి, తమ్ముడి వైపు చూడకుండా, పాట అందుకుంది. చరణాలన్నీ పాడింది. పాట ముగిశాక డోలు ఇంకొక్కసారి మోగి ఊరుకుంది. ఆ తర్వాత ఎవరు పాడినా మోగలేదు.

"పాట ముందున్న మాటలు కోసేస్తానమ్మా," అన్నాడు ఇంజినీరు, తమ్ముడు వెళ్ళాక.

"ఉంచు."

"ఆల్బమ్‌లోనా? బావగారి పేరు బజారున పడుతుంది."

"కోర్టుకి పాలాయన భార్య వస్తుంది. వాయిదా వాయిదాకీ మా వాణ్ణి చూసి మట్టెత్తి పోస్తుంది. ఆవిడ వినాలి."

ఆల్బమ్ విడుదల రోజు హాలు నిండింది. పాట పాటకీ చప్పట్లు. ఆఖరి పాటకు ముందు తమ్ముడి గొంతు వినబడగానే గుసగుసలు కూడా ఆగిపోయాయి. తమ్ముడు లేచి నిలబడి, ఎటు పోవాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. కొందరు పాట వినకుండానే వెళ్ళిపోయారు. బయట పోస్టర్ల మీద బావ ముఖానికి ఎవరో పేడ కొట్టారు. మొగుడి పరువు తీసి ఆల్బమ్ అమ్ముకుంటోందని అక్కను అన్నవాళ్ళూ ఉన్నారు.

లాయరు ఆ రికార్డింగు పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. కోర్టులో ఆ రికార్డింగు వినిపించారు, బావ ఛాతీ మీద స్టీరింగు వత్తిన గుర్తు ఉందని అప్పుడు చూసిన డాక్టరు చెప్పాడు. అబద్ధం చెప్పినందుకు జడ్జి తమ్ముణ్ణి నానా చివాట్లు పెట్టి వదిలేశాడు.

పాలాయన భార్య కోర్టు మెట్ల దగ్గర ఆగింది. "ఇన్నాళ్ళూ నిన్నే తిట్టుకున్నాను బాబూ," అంది. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే తమ్ముడు గోడ మీద బావ ఫొటో ఉందో లేదో చూశాడు. ఉంది.

"బావకిచ్చిన మాట పోగొట్టావక్కా. నన్నడగొచ్చుగా."

"అడిగితే వద్దంటావు."

"అంటాను." కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "నీకాయన మీద కోపం లేదా?"

"ఉంది. చచ్చేదాకా ఉంటుంది," అంది అక్క. "నువ్వు తిను."