రెండో టేకు

మా మేనత్త రాజ్యలక్ష్మి మూడొందలకు పైగా సినిమాల్లో ఏడ్చింది. తెర మీద మాత్రం ఎక్కడా కనపడదు. కథలో పెద్దాయన పోతే శవం చుట్టూ చేరిన ఆడవాళ్ళ ఏడుపు వినపడాలి కదా, ఆ ఏడుపు ఆవిడది. మద్రాసులో మొదలుపెట్టి, ఇండస్ట్రీతోపాటే హైదరాబాదు వచ్చి, డెబ్బై దాటేదాకా మైకు ముందు నిలబడి శోకాలు పెట్టింది. టైటిల్స్‌లో పేరు ఒక్కసారి కూడా పడలేదు. అదేంటత్తయ్యా అంటే, "పోయినోడి పేరే ఎవరికీ గుర్తుండదు, ఏడ్చినదాని పేరు ఎవడు రాస్తాడే" అని నవ్వేది.

నా పేరు భావన. సౌండ్ ఇంజినీర్ని. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పదహారేళ్ళుగా అద్దానికి ఇవతల కూర్చుంటున్నాను. నేనంటే అక్కడ అందరికీ హడల్. కుర్చీ కిర్రుమన్నా, గాజులు గలగలలాడినా, ఆర్టిస్టు గుటక మింగినా మళ్ళీ చెప్పిస్తాను. బాగా రాని టేకుని ఎన్‌జీ అంటాం. నా సెషన్లో ఎన్‌జీ అన్నది ఉండకూడదు, అప్పటికప్పుడు తీసి పారెయ్యాలి. ఆ రూలు నేనే పెట్టాను, పెట్టినందుకు గర్వపడేదాన్ని కూడా.

అమ్మ పోయాక యూసుఫ్‌గూడలో నాన్నా నేనూ ఉంటున్నాం. నాన్న సూర్యప్రకాశరావు సినిమా సెట్లకు రంగులు వేసేవారు. ఇప్పుడు డెబ్బై ఆరు. ఆయనకు రెండేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. ఏడాది తిరక్కుండా తాతయ్య మళ్ళీ పెళ్ళి చేసుకుని, తణుకు పక్కనున్న సొంత ఊరు వదిలేసి, పిల్లలిద్దర్నీ తీసుకుని మద్రాసు చేరాడు. ఆ ఇంట్లో మొదటి భార్య మాట ఎత్తితే వీపు చిట్లేదట. ఫోటో లేదు. ఆమెది ఏ ఊరో, పుట్టింటివాళ్ళ ఇంటిపేరేమిటో నాన్నకు తెలీదు. మాణిక్యం అన్న పేరొక్కటే తెలుసు.

నాన్నకున్న కోరిక అల్లా ఒకటే. పోయేలోపు వాళ్ళమ్మ పుట్టిన ఊళ్ళో ఒక్క పూట నిలబడాలి. మేనమామ పిల్లలో, వాళ్ళ పిల్లలో ఎవరైనా కనిపిస్తే, "నేను మీ మాణిక్యం కొడుకునండీ" అని చెప్పాలి. అంతే. తాతయ్య ఊరికి రెండుసార్లు వెళ్ళొచ్చారు. ఇల్లు ఎప్పుడో చేతులు మారింది, ఆనాటి మనుషులు ఒక్కరూ మిగల్లేదు.

ఇక తెలిసింది అత్తయ్యకే. తల్లి పోయేనాటికి ఆవిడకు తొమ్మిదేళ్ళు. నాన్న ఎన్నిసార్లు అడిగినా, "చెప్తాలేరా, ఓ రోజు కూర్చుని" అంటూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లేచిపోయేది. కన్ను ఆపరేషనయ్యాక మాత్రం, కిందటేడు, తనే మా ఇంటికొచ్చి కూర్చుంది.

"ఒరే ప్రకాశం, ఇక దాచుకుని ఏం చేసుకుంటానురా, చెప్పేస్తాను. ఒక్కసారే చెప్తాను. రెండోసారి నా వల్ల కాదు. ఎవరన్నా రాసుకోండి."

"రాసుకోవడమేంటి అత్తయ్యా, నేను రికార్డు చేస్తాగా" అన్నాను. నాకంటే తగినవాళ్ళు ఇంకెవరు?

ఆ వారమే లావుపాటి నోట్‌బుక్కు కొన్నాను. మొదటి పేజీలో వంశవృక్షం గీసి, తెలియని చోటల్లా ఖాళీ డబ్బాలు పెట్టాను. ప్రతి ఆదివారం పదింటికి గంటసేపు ఈ పనికేనని ఫోన్లో అలారం పెట్టుకున్నాను. స్నేహితులకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. మొదటి ఆదివారం ప్యాచ్‌వర్క్ పడింది. రెండో ఆదివారం టీజర్ అర్జెంటు. మూడో ఆదివారం నిజం చెప్పాలంటే పనేమీ లేదు, నిద్రపోయాను. నాలుగోసారి అలారం మోగితే చిరాకేసి తీసేశాను.

పక్క సందులోనే అత్తయ్య ఇల్లు. మూడు ఆదివారాలూ తలంటుకుని, గంజి పెట్టిన చీర కట్టుకుని, గొంతు కోసం మిరియాల నీళ్ళు తాగి నాకోసం ఎదురుచూసిందట. నేను ఇచ్చిన టైమ్ ఆవిడకు కాల్షీటు. "ఏడున్నరకు కాల్షీటుందంటే ఏడింటికే గేటు దగ్గరుండేవాళ్ళమే మేము" అంది, దెప్పడానికి కాదు, మామూలుగానే.

"ఫోన్లో రికార్డు పెట్టెయ్యకూడదా అమ్మా, ఇంట్లోనే?" అని నాన్న ఒకసారి అడిగారు.

మా సందులో నీళ్ళ ట్యాంకరు, కింద టైలరు మిషను, ఎదురింటి మిక్సీ. ఆ గోలలో నేను రికార్డు చెయ్యడమా! "సౌండు సంగతి నాకొదిలెయ్యండి నాన్నా" అన్నాను కసిరినట్టు.

నవంబరులో ఒక బుధవారం ఆర్టిస్టు రాక గంటన్నర ఖాళీ దొరికింది. నాలుగింటికి హీరో వస్తాడు. నాన్నకు ఫోన్ చేస్తే, "నేనెదురుగా ఉంటే చెప్పలేదమ్మా అక్కయ్య. మీరిద్దరే కానివ్వండి" అన్నారు. అత్తయ్యను ఆటోలో తీసుకొచ్చాను. పన్నెండేళ్ళ తర్వాత స్టూడియోలో అడుగు పెడుతోంది. చెప్పులు విప్పి, గడపకు దణ్ణం పెట్టి లోపలికెళ్ళింది. మైకుకి ఎంత దూరంలో నిలబడాలో నేను చెప్పనక్కర్లేకపోయింది.

మా స్టూడియో మేనేజరు ఓంప్రకాష్ తలుపులోంచి తొంగిచూసి, "మేడం, హీరో బయల్దేరిండట. జర జల్ది కానియ్యండ్రి" అన్నాడు.

మొదలుపెట్టాం. హెడ్‌ఫోన్లో అత్తయ్య గొంతు వచ్చింది. సినిమాల్లో ఏడ్చే గొంతు కాదు, నేనెప్పుడూ వినని సన్నటి గొంతు. లెవెల్ తక్కువుందని పెంచాను. జ్వరమన్నది, నాలుగు రోజులన్నది, అమ్మను వాకిట్లో పడుకోబెట్టారన్నది. నా కళ్ళు సౌండు మీటరు మీదున్నాయి. మేనమామ బండి కట్టుకుని రావడం దగ్గర ఆవిడ గొంతు ఒక్కసారిగా పగిలిపోయింది. సౌండు హద్దు దాటి మీటరు ఎర్రగా అయి అక్కడే నిలిచిపోయింది. నేను మైకు బటన్ నొక్కాను.

"అత్తయ్యా, పీక్ అయింది. వన్ మోర్."

అద్దం అవతల్నుంచి నావైపు చూసింది. "మళ్ళీనా?"

"మొదట్నుంచి. ఈసారి ఏడుపు దగ్గర కొంచెం వెనక్కి జరుగు."

యాభై ఏళ్ళు ఎవడు పడితే వాడు వన్ మోర్ అంటే సరే అన్న మనిషి. ఒక్కసారే చెప్తానని ముందే చెప్పిన మాట నాకు గుర్తు లేదు, ఆవిడకు మాత్రం ఉండే ఉంటుంది. అయినా కళ్ళు తుడుచుకుంది, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు రెండు గుక్కలు తాగింది. ఆ రెండు గుక్కలు తాగేలోపు నేను ఎన్‌జీ తీసేశాను.

రెండో టేకు అద్భుతంగా వచ్చింది. ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణికింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఏడుపొచ్చినప్పుడు తనంతట తనే ఒక అడుగు వెనక్కేసింది. మీటరు ఎరుపు దరిదాపులకు పోలేదు. "ఓకే అత్తయ్యా, సూపర్" అన్నాను. ఏ డైరెక్టర్నో అడిగినట్టు, "బాగా వచ్చిందా అమ్మా?" అంది.

హీరో డబ్బింగు అయ్యాక అత్తయ్యను ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. కృష్ణానగర్ దాటాక, "మొదటిది మా అమ్మ కోసం ఏడ్చాను. రెండోది నీ కోసం ఏడ్చాను" అంది. నన్ను ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను.

"వచ్చేసింది నాన్నా, శుభ్రంగా వచ్చింది. ఓ వారంలో కూర్చుని రాసిస్తాను" అని చెప్పాను. వారం నెలయింది, నెల మూడు నెలలయింది. ఒకదాని వెనక ఒకటి రిలీజులు. నాన్న ఎప్పుడూ సూటిగా అడగలేదు. "పనెక్కువగా ఉందా అమ్మా?" అనేవారు, అన్నం దగ్గర. ఆయన అడుగుతున్నదేమిటో తెలిసే, "అవును నాన్నా" అనేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్న అత్తయ్య మళ్ళీ లేవలేదు. పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయాడు. మేము, ఇరుగుపొరుగు, పాత డబ్బింగువాళ్ళు నలుగురైదుగురు. అన్ని శవాలకు ఏడ్చిన మనిషి శవం దగ్గర ఏడవడం మా ఎవరికీ చేతకాలేదు. నాన్న అక్కయ్య పాదాలు పట్టుకుని కూర్చున్నారు.

పదకొండో రోజు అయిపోయిన మర్నాడు నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, కాగితం, పెన్నూ పట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చున్నారు. "పెట్టమ్మా" అన్నారు.

పెట్టాను. అత్తయ్య గొంతు గదంతా నిండింది. జ్వరం, నాలుగు రోజులు, వాకిలి. "వాళ్ళ ఊరి నుంచి మామయ్య పొద్దున బండి కట్టుకుని బయల్దేరి మాపటికి వచ్చాడు. చంటాణ్ణి నేను పెంచుకుంటా, ఇవ్వు బావా అన్నాడు. నాన్న గడప తొక్కనివ్వలేదు. మామయ్య తమ్ముణ్ణి ఒక్కసారి ఎత్తుకుని, దించేసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు." ఆ తర్వాత ఏడుపు.

తనను ఎవరో అడిగారన్న సంగతి నాన్నకు అప్పుడే తెలిసింది. పెన్ను కాగితం మీద ఆనించి, "ఏ ఊరి నుంచి?" అన్నారు.

వెనక్కి తిప్పాను. వాళ్ళ ఊరి నుంచి. మళ్ళీ తిప్పాను. వాళ్ళ ఊరి నుంచి.

మొదటి టేకులో అక్కడ ఒక పేరు ఉంది. ఊరి పేరు చెప్పింది. ఒకసారి చెప్పేసింది కాబట్టి రెండోసారి, మనమందరం చేసినట్టే, వాళ్ళ ఊరు అని ఊరుకుంది. ఆ పేరు దగ్గరే గొంతు పగిలింది, ఆ పేరు దగ్గరే మీటరు ఎర్రబడింది. ఆ ఎరుపు ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. పేరు మాత్రం రాదు.

స్టూడియోకి పరిగెత్తాను. "ఎన్‌జీ ఏడుంటది మేడం? ఉంచొద్దని మీరే చెప్పిండ్రు గద" అన్నాడు ఓంప్రకాష్. నా మొహం చూసి, పోయిన ఫైళ్ళు వెనక్కి తెచ్చేవాణ్ణి పిలిపించాడు పాపం. అతను రెండు రోజులు చూసి, డిస్కులో ఆ జాగాలో ఆ సాయంత్రమే వేరే రికార్డింగు పడిపోయిందని తేల్చాడు. హీరోగారిది. ఆ డైలాగులు ఏమిటో కూడా నాకు గుర్తు లేవు.

నాన్నతో చెప్పకుండా ఒక రోజంతా తప్పించుకు తిరిగాను. మర్నాడు పొద్దున్నే ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆవేళ వినగానే అనుకున్నానమ్మా, ఇది అక్కయ్య సినిమా ఏడుపని" అన్నారు. నావైపు తిరిగారు. "మొదటిసారి చెప్పినప్పుడు నువ్వు విన్నావా?"

"విన్నాను నాన్నా."

"అయితే నీ చెవిన పడిందిగా. ఎక్కడో ఉంటుంది."

నాన్న నెట్ సెంటరుకి వెళ్ళి ఊళ్ళ జాబితా తీయించుకొచ్చారు. పొద్దున బండి కడితే సాయంత్రానికి తాతయ్య ఊరు చేరగలిగిన ఊళ్ళన్నీ. అరవై పేజీలు. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఎనిమిదింటికి, నేను స్టూడియోకి వెళ్ళేముందు, పావుగంట కూర్చుంటాం. ఆయన ఒక్కో పేరూ చదువుతారు. నేను కళ్ళు మూసుకుని వింటాను. కింద టైలరు మిషను నడుస్తూనే ఉంటుంది, ట్యాంకరు వస్తూనే ఉంటుంది. అలారం అక్కర్లేదు. ఒక్క రోజు తప్పలేదు. ఇప్పుడు టైమ్ ఎలా దొరుకుతోందని ఎవరూ అడగరు, అడిగితే మాత్రం నేను చచ్చిపోతాను. ఈ పావుగంట అప్పుడూ ఉంది.

"ఇరగవరం." ఆగుతారు.

"కాదు నాన్నా."

"పెనుమంట్ర."

"కాదు."

"వేండ్ర." అక్కడ మామూలు కంటే ఎక్కువసేపు ఆగారు. కళ్ళు తెరిచి చూస్తే నావైపు ఆశగా చూస్తున్నారు. అవునంటే చాలు. రేపే బయల్దేరతారు. ఎవరిదో అరుగు మీద నిలబడి, నేను మీ మాణిక్యం కొడుకునండీ అంటారు. అవును అన్న మాట నోటిదాకా వచ్చింది. ఊరే తెలీకుండా చేసినదాన్ని, దొంగ ఊరు కూడా ఇవ్వనా అనిపించి మింగేశాను.

"కాదు నాన్నా."

నిన్న పొద్దున చివరి పేజీ అయిపోయింది. ఆఖరి పేరు చదివి ఆగారు. నేను వీలైనంతసేపు కళ్ళు తెరవలేదు. తెరిచేసరికి నా మొహంలోకే చూస్తున్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

నాన్న కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. చెదిరిన కాగితాలన్నీ సర్ది, ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీ పైకి తెచ్చారు.

"వన్ మోర్ అమ్మా" అన్నారు. "మొదట్నుంచి."