మూడు కోర్టుల ఏరు

ఏరు ఒకటే. అది పారే నేలకు మాత్రం మూడు ప్రభుత్వాలు, మూడు చట్టాలు. పైన అద్దకం మిల్లు రంగునీళ్లు వదిలితే నడుమ ఉన్న పొలాలు ఎండిపోయేవి, కింద సముద్రంలో కలిసే మొగ దగ్గర చేపలు చచ్చి తేలేవి. కేసు వేస్తే మిల్లువాళ్లు "సరిహద్దు దాటాక ఆ నీళ్లు మావి కావు" అనేవారు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు పాపం పంచుకుపోయి, చివరికి ఎవరి నెత్తినా నిలిచేది కాదు.

ఏళ్లు గడిచాక మూడు వైపుల కోర్టులూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. సాక్ష్యం ఒక్కసారే తీసుకోవాలి. ముగ్గురు జడ్జీలూ తమ తమ ఊళ్లలోనే కూర్చుని, తెరల మీద ఒకరినొకరు చూసుకుంటూ కలిసి వినాలి. తీర్పు మాత్రం ఎవరి చట్టం ప్రకారం వాళ్లు రాసుకోవాలి.

నడిమి కోర్టు జడ్జి ఆమె. ఊరంతా ఆమెను జడ్జమ్మ అనే అంటుంది. ఎదురుపడితే మాత్రం ఎవరూ ఏమీ అనరు. జడ్జి అన్నాక విందులకు వెళ్లకూడదు, ఎవరి గుమ్మమూ ఎక్కకూడదు. కూరగాయల కొట్టు దగ్గర ఆమె నిలబడితే అంతవరకూ కిలకిలలాడుతున్న ఆడవాళ్లు వంకాయలను శ్రద్ధగా చూడడం మొదలుపెడతారు. భర్త ఉన్నన్నాళ్లూ ఇంట్లో పోట్లాడుకోవడానికైనా ఒక మనిషి ఉండేవాడు. ఆయన పోయాక ఆమె అన్నం తింటూ రేడియోతో వాదించడం అలవాటు చేసుకుంది. రేడియో ఎదురు చెప్పదు. అదే దాని లోపం.

అందుకే గురువారం కోసం ఎదురుచూసేది. ఏటి కేసు గురువారమే. విచారణ అయ్యాక మొగ కోర్టు జడ్జి, కుర్రవాడు, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాడిలా తెర ఆపేసి వెళ్లేవాడు. ఏటి పైవైపు కోర్టు జడ్జి పెద్దాయన. ఆ రోజు రాసుకున్న సాక్ష్యాన్ని రెండు చోట్లా గుమాస్తాలు సరిచూసుకునే దాకా ఆయనా ఆమే తెర ముందు కూర్చోవాలి. ఆ కాసేపే ఆమెకు వారమంతటికీ మాట.

"ఏమ్మా, మీ వైపు వాన పడిందా?"

"నాలుగు చినుకులండీ అన్నగారూ. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"అవి నాకంటే ముందే రిటైరయ్యాయి. అది సరే, ఇవాళ మిల్లు వకీలు ప్రశ్న అడిగాడా, జోలపాట పాడాడా?"

"చూశాను లెండి. మీరు కదలకపోతే లైను పోయిందేమో అనుకున్నాను."

ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు స్పీకర్లో గరగరమనేది. ఆమెకు అదే చాలు.

మూడు చోట్లా ఒకరి చుట్టాలు ఇంకొకరికి తెలియరు గనుక, వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి విచారణకు ముందు ముగ్గురూ వరసగా పైకి చెప్పాలి: "ఈ కేసులో ఉన్నవాళ్లతో నాకు బంధుత్వం గాని లావాదేవీ గాని లేదు." మొదట్లో ఆ మాట గుండె మీద చెయ్యి పెట్టుకున్నట్టు చెప్పేవారు. పోనుపోను అది బల్ల తుడిచినంత మామూలయింది.

ఒక బుధవారం సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. ఆమెకు మిగిలిన రక్తసంబంధం వాడొక్కడే. పనిచేసే ఫ్యాక్టరీ మూతబడి చాలాకాలంగా ఇంట్లోనే కూర్చున్నాడు. భార్య కుట్టుమిషను మీద ఇల్లు నడుస్తోంది.

"అక్కా, ఉద్యోగం వచ్చిందే!"

"ఎక్కడరా?"

"పైన, అద్దకం మిల్లులో. గోడౌన్ ఇన్‌ఛార్జి. కుర్చీ కూడా ఇచ్చారు, తిరిగేది!"

ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టింది. "నా పేరు చెప్పావా?"

"ఛ! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాణ్ణా నేను? వాళ్లే అడిగారు, మీ అక్కగారు కులాసానా అని."

"నువ్వు అమ్ముకోలేదులేరా. వాళ్లే చెట్టును చూసి కాయ కొన్నారు. మానెయ్."

"ఏంటీ?"

"మానెయ్‌రా నాయనా. ఆ మిల్లు మీద కేసు వింటున్నాను నేను."

"నీ కేసు నువ్వు విను, నా గోడౌన్ నేను చూసుకుంటాను. నెల తిరిగేసరికి జీతం అందుకునేదానివి, నీకేం తెలుసే, పెళ్లాం కుట్టిన జాకెట్ల మీద బతకడం!"

ఫోన్ పెట్టేశాడు. మర్నాడు విచారణ మొదలవగానే ఈ సంగతి చెప్పేసి తప్పుకోవాలని ఆమె అప్పుడే అనుకుంది. మాటలు కూర్చుకుంది కూడా.

గురువారం తెరలు వెలిగాయి. పెద్దాయన ఆ వాక్యం చెప్పాడు. కుర్రవాడు చెప్పాడు. ఆమె నోరు తెరిచింది. "ఈ కేసులో ఉన్నవాళ్లతో నాకు బంధుత్వం గాని లావాదేవీ గాని లేదు." రోజూ వెళ్లే దారిలో కాళ్లు వాటంతటవే నడిచినట్టు నోరు నడిచేసింది. ఆమె నిర్ఘాంతపోయింది. సర్దుకునేలోగా సాక్షిని పిలిచేశారు.

సాక్షి మొగ దగ్గర చేపలు పట్టే ముసలావిడ. మిల్లు వకీలు ఆమె వల రంగు అడిగితే, "వల ఏ రంగని అడుగుతారేంటి బాబూ, ఏ రోజు ఏ రంగని అడగండి" అంది.

"రేవులో మీవాళ్లే బట్టలకు రంగు వేసుకుని ఉండొచ్చుగా?" అన్నాడు వకీలు.

"ఏరంత గిన్నె మా ఇంట్లో లేదు నాయనా."

మూడు కోర్టుల్లోనూ నవ్వారు. అంత గట్టి సాక్ష్యం ఆ కేసులో అంతకుముందు రాలేదు. నవ్వనిది ఆమె ఒక్కతే.

విచారణ ముగిసింది. కుర్రవాడి తెర చీకటయింది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ముసలావిడ వకీలును ఉతికి ఆరేసిందమ్మా" అన్నాడు.

"అన్నగారూ, మా తమ్ముడికి ఆ మిల్లులో ఉద్యోగం ఇచ్చారు."

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఎప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

"మరి పొద్దున చెప్పిన మాట?"

"అలవాటున నోటికి వచ్చేసింది."

"నోటికేనా?"

"నోటికొక్కదానికే అయితే మధ్యలోనైనా ఆపేదాన్ని. గురువారం పోతుందని ఆపలేదు."

ఆయన గొంతు తగ్గించి, "నేను విననట్టే ఉంటాను. వచ్చే వారం మొదట్లోనే చెప్పుకో" అన్నాడు.

"ఇవాళ్టి సాక్ష్యం రికార్డులో ఉండిపోతుంది కదండీ. మిల్లువాళ్లు ఈ ఉద్యోగం సంగతి కడుపులో దాచుకుని, తీర్పు వచ్చిన రోజు బయటికి తీస్తారు. మూడు కోర్టుల కష్టమూ ఏట్లో కలుస్తుంది. వాడికి తిరిగే కుర్చీ ఇచ్చింది అందుకే."

ఆయన గుమాస్తాను పిలిచి మొగ కోర్టును మళ్లీ కలపమన్నాడు. లైను కలిసే లోపల ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "తప్పుకున్న జడ్జితో కేసు తేలేదాకా మేం మాట్లాడకూడదు. తెలుసుగా."

"తెలుసండీ."

"ఒప్పందంలో ఆ షరతు రాసింది నేనే. అప్పుడు చాలా బాగుందనిపించింది."

తెర వెలిగింది. ఆమె అందరి ముందూ చెప్పింది, పొద్దున తప్పు చెప్పానని కూడా రాయించింది. ఆ రోజు సాక్ష్యం కొట్టేశారు. మొగ కోర్టు తెరలో ముసలావిడ ఇంకా బెంచీ మీదే ఉంది, బస్సు వేళ కోసం చూస్తూ.

"మళ్లీ రావాలా? అదేదో నన్ను బస్సెక్కించకముందే చెప్పొచ్చుగా తల్లీ!"

"తప్పు నాదేనమ్మా."

"నీదైతే మాత్రం? నడుము నాది కదా" అని ముసలావిడ లేచింది. "వస్తాలే. మా ఏటి కోసం."

జడ్జమ్మ తప్పుకుందని తెలియగానే మిల్లువాళ్లకు గోడౌన్ ఇన్‌ఛార్జి అవసరం తీరిపోయింది. తమ్ముడు ఫోన్ చేయలేదు, ఆమె చేస్తే ఎత్తలేదు. మరదలు మాత్రం ఒకసారి ఎత్తింది. "న్యాయం మీకు దక్కిందిగా వదినా, దాన్నే పక్కలో పెట్టుకుని పడుకోండి" అని పెట్టేసింది.

ఏటి కేసుకు వేరే ఊరి నుంచి ఇంకో జడ్జి వచ్చాడు. గురువారాలు తెరలున్న గది తలుపు మూసి ఉండేది. ఆమె ఆ వైపు వెళ్లకుండా వెనక మెట్ల మీదుగా తన కోర్టు హాలుకు వెళ్లడం మొదలుపెట్టింది.

మొదటి గురువారం ఆమె ముందుకు వచ్చింది చూరునీళ్ల తగాదా. ఇద్దరు ఇరుగుపొరుగు ముసలాళ్లు. ఒకాయన రేకుల నీళ్లు ఇంకొకాయన గుమ్మంలో పడుతున్నాయి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"అమ్మా, వీడు చిన్నప్పటి నుంచీ ఇంతే!"

"నువ్వు మాత్రం? నా సైకిలు తీసుకెళ్లి చక్రం లేకుండా తెచ్చింది ఎవరు?"

గుమాస్తా వంగి, "వాయిదా వేసేద్దామా మేడమ్? భోజనాల వేళయింది" అన్నాడు.

ఆమె కలానికి మూత పెట్టి పక్కన పెట్టింది. కుర్చీలో వెనక్కి వాలి, ఆ ఇద్దరి వైపూ చూసింది.

"చక్రం ఏమయింది?" అని అడిగింది.