వంగని బంపరు

నేను ఒక లారీ బంపరును. పది ఎం.ఎం. మందం ఇనుప ప్లేటుతో చేసిన బంపరును. ఒక సందేహం పదకొండేళ్లుగా నన్ను తొలుస్తూ ఉంది. మా లారీ ఓనరు ఓబులేసును కాపాడింది నేనేనని ఊరంతా అంటుంది. అతని మోకాలు పోగొట్టింది కూడా నేనేనేమో అని నాకు అనిపిస్తుంది.

అంతకుముందు నేను ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పెద్ద తొట్టికి అడుగు పలకను. మీద రాళ్లు పడుతుంటే కదలకుండా భరించడమే నా పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక నన్ను గ్యాసుతో కోసి తాడిపత్రి తెచ్చి, దస్తగిరి వెల్డింగు షెడ్డులో గోడకు ఆనించారు. నా పక్కనే ఆరు ఎం.ఎం. ప్లేటు ఒకటి ఉండేది.

ఓబులేసు సొంత లారీలో నాపబండలు తోలేవాడు. శనివారం ఒక్కపొద్దు తప్పేవాడు కాదు. నామం పెట్టుకోకుండా స్టీరింగు ముట్టేవాడు కాదు. ఒకరోజు బండల ఫ్యాక్టరీ గోడకు తగిలి అతని లారీ బంపరు రేకు డబ్బాలా నలిగింది. తోటి డ్రైవర్లు అది ఇనుమా, అప్పడమా అని వారం రోజులు నవ్వారు. ఇక జన్మలో వంగని బంపరు చేయించుకోవాలని ఓబులేసు షెడ్డుకు వచ్చాడు.

బండలు ఎంచేవాళ్లకు ఒక అలవాటుంది. వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి బండ, డొల్లగా పలికితే లోపల పగులు. ఎంత మందమైతే అంత గట్టి. ఓబులేసు నన్నూ అలాగే తట్టాడు. తరువాత నా పక్కదాన్ని తట్టి పెదవి విరిచాడు. నన్నే వేయమన్నాడు.

ఇంత బరువు ముందు వేలాడితే చక్రాల మీద లారీని మోసే కమాన్ పట్టీలు కుంగుతాయనీ, ఆరు ఎం.ఎం. చాలుననీ దస్తగిరి నచ్చజెప్పాడు. ఓబులేసు వినలేదు.

“బండ వేరు, ఇనుము వేరన్నా,” అన్నాడు దస్తగిరి. “బండ వంగల్లంటే ఇరిగిపోతాది. ఇనుము వంగేదే మనకు మేలు. దెబ్బంతా అది తింటాది, నీదాకా రానీదు.”

“మందందేమో దాచిపెట్టుకోని, పల్చంది నాకు అంటగడతావా? మీ నాయన నేర్పించింది ఇదేనా?”

షెడ్డులో నలుగురున్నారు. ఒకరిద్దరు నవ్వారు. దస్తగిరి కళ్లద్దాలు పెట్టుకుని నన్ను కోయడం మొదలుపెట్టాడు. మనసు గాయపడిన మనిషి చేయి అంత తిన్నగా పనిచేయడం నేను మళ్లీ చూడలేదు. నేను మాత్రం, నిజం చెప్పాలంటే, ఆ రోజు పొంగిపోయాను. నన్ను ఏరి ఎంచుకున్నారు కదా. రంగు పూశారు, స్వామి పేరు రాశారు, నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు.

ఎనిమిది నెలలకు జమ్మలమడుగు దారిలో గొర్రెల మంద అడ్డొచ్చింది. ఓబులేసు స్టీరింగును ఎడమకు తిప్పాడు. నేను కల్వర్టు గోడను గుద్దాను. గోడ రాళ్లు లేచిపోయాయి. నేను వంగలేదు. నేను తినవలసిన దెబ్బ నన్ను దాటి చాసీలోకి పోయింది. చాసీ మడతపడి, స్టీరింగు వెనక్కి జరిగింది. దాని కింద ఓబులేసు ఎడమ మోకాలు నలిగింది. అతని కేక విన్నాను. నాకు రంగు లేచిపోయింది, అంతే.

జనం ముందు నన్నే చూశారు. ఈ బంపరే లేకుంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఓబులేసు భార్య సుంకమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి నా ముందు కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్లు నా మీద కారుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. దేవుడు అతన్ని కాపాడాడన్న మాటలో నాకు అనుమానం లేదు. నా చేత కాపాడాడా, నా నుంచి కాపాడాడా అన్నదే తేలలేదు.

ఆ మోకాలు మళ్లీ మడతపడలేదు. క్లచ్ తొక్కలేని ఓబులేసు లారీని అల్లుడు చెన్నకేశవులుకు అప్పగించాడు. చాసీ సరిచేసింది దస్తగిరే. ముందే చెప్పలేదా అని ఒక్కసారైనా అనలేదు. కానీ నలుగురిలో ఆ మాట పడ్డప్పటి నుంచి, ఓబులేసు టీ తెప్పిస్తే తాగేవాడు కాదు. ఏదో పని ఉందని లేచిపోయేవాడు.

ఈ ఏడాది కొత్త లారీ కొన్నారు. మామను కాపాడిన బంపరని అల్లుడికీ నా మీద గురి. నన్ను విప్పి కొత్తదానికి బిగించాలని ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. ఇంకో మనిషి మోకాళ్ల ముందు నిలబడాలా అని నాకు దిగులు పట్టుకుంది.

షెడ్డు వాకిట్లో ఒక ఆరు ఎం.ఎం. బంపరు ముద్దలా నలిగి పడి ఉంది. ఓబులేసు చేతికర్రతో దాన్ని కదిపి చూశాడు.

“యాడ గుద్దినాడప్పా?”

“చింతమానుకు.”

“పాపం. డ్రైవరు?”

దస్తగిరి గడ్డంతో బెంచీ వైపు చూపించాడు. అక్కడ ఒకతను కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు.

ఓబులేసు ఆ మడిచిన మోకాలినే చాలాసేపు చూశాడు. తరువాత తన కాలి వైపు, ఆపైన నా వైపు చూశాడు. నా సందేహం అతని ముఖంలో తీరిపోవడం కనిపించింది. అది తీరినందుకు నాకు సంతోషం కలగలేదు.

“ఇప్పమందామా మామా?” అన్నాడు అల్లుడు.

“ఇప్పి ఇక్కడే పడేయించు. కొత్తదానికి ఆరు ఎం.ఎం. చాలు.”

తరువాత ఓబులేసు దస్తగిరి వైపు తిరిగాడు. షెడ్డులో వెల్డర్లున్నారు, వేరే లారీల వాళ్లున్నారు. అతను గొంతు తగ్గించలేదు.

“ఆ పొద్దు నలుగురిలో నిన్ను దొంగను చేసినా. మీ నాయన పేరు కూడా ఎత్తినా. తప్పు నాదప్పా.”

దస్తగిరి చేతిలో పని పక్కన పెట్టాడు. తరువాత స్టూలు లాగి అతని ముందు వేశాడు.

“కూచోన్నా,” అన్నాడు. “టీ తెప్పించు, తాగుదాం.”