మూడు మెట్లు కింద

తళుకుల గౌను పక్క కుట్లు విప్పుతున్నాను. లోపలి మడతలో ఇంకో అంగుళం గుడ్డే మిగిలింది. మా ఆయన కాఫీ తాగుతూ, "ఇంకాస్త వదిలావంటే గౌను కాదు, షామియానా అవుతుంది" అన్నాడు. నవ్వాను. ఇన్నేళ్లుగా ఆయన జోకులకు నవ్వడం కూడా నా ఇంటిపనుల్లో ఒకటి.

మా అత్తగారు బతికున్నన్నాళ్లూ, "మనవల్ని ఆడించే వయసొస్తోంది, ఇంకా నువ్వే ఆడతానంటావేమే?" అనేవారు. అదీ నేను వండి వడ్డించిన కంచం ముందు కూర్చుని. యాభై రెండేళ్ల మగాడు బొజ్జతో స్టేజీ ఎక్కి పాడితే 'పెద్దాయన' అంటారు. నేనెక్కితే 'ఇంకా పాడుతోందా!' అంటారు. అననీ. ఇరవై ఆరేళ్లప్పుడు నేను పాడిన డాన్సు పాటను జనం ఇప్పటికీ అడిగి మరీ పాడించుకుంటారు. దాంట్లో రెండో చరణం చివర ఒక పైస్వరం ఉంది, దానితోపాటే ఒక గెంతు. అది అందదేమోనని ప్రతిసారీ భయమే. అయినా అందుతూనే ఉంది. పొద్దున్నే కుక్కరు కూతల మధ్య చేసిన సాధన వృథా పోలేదని ఎంత పొంగిపోయేదాన్నో.

ఆ మధ్యాహ్నం, సాయంత్రం ప్రోగ్రాం ఉన్న హాల్లోనే రిహార్సల్. కీబోర్డు వాయించేది మా ఆయనే. సరిగ్గా ఆ పైస్వరం దగ్గర నాకు పొలమారింది. మైకు పక్కకు తీసి దగ్గాను. పాట మాత్రం ఆగలేదు. స్పీకర్లలోంచి నా గొంతే, ఇరవై ఆరేళ్ల గొంతు, నున్నగా పైకెక్కి దిగివచ్చింది. డ్రమ్స్ వాయించే అమ్మాయి తల దించుకుంది. అంటే తనకు తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"నాలుగేళ్లు" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా. "జనం ముందు గొంతు జీరపోతే నీ పరువేం కాను? నీ మైకు కాస్త తగ్గించి పాత రికార్డింగు కలిపాను. అంతా నీ మంచికే."

నాలుగేళ్ల చప్పట్లు! ఇంటికొచ్చాక దిష్టి తగులుతుందేమో అని మురిసిపోయిన చప్పట్లు! ఈయన నా మీదికి సవతిని తెచ్చాడు. ఆ సవతి కూడా నేనే, పాతికేళ్లు చిన్నదాన్ని. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. కోపమే మేలనిపించింది, దానికి గొంతు పూడుకుపోదు.

"ఆ రికార్డింగు తీసేయండి. శ్రుతి మూడు మెట్లు దించండి."

"మూడా? అందరికీ తెలిసిపోతుంది!"

"తెలియనివ్వండి."

"డాన్సు పాటని జోలపాట చేస్తావా?"

మూడు మెట్లు కింద నేనే పాట ఎత్తుకున్నాను. కింది స్వరాల్లో నా గొంతు గరుగ్గా, బరువుగా ఉంది. దాన్ని దాచలేదు. 'రా, నన్ను చూడు' అనే మాటను అప్పట్లో బతిమాలుతున్నట్టు పాడాను. ఇప్పుడది ఆజ్ఞలా వచ్చింది. గెంతే చోట గెంతలేదు, నిలబడిన చోటే భుజం ఒక్కసారి తిప్పాను. డ్రమ్స్ అమ్మాయి తనంతట తానే వేగం తగ్గించి, దరువు బరువు పెంచింది. పాటయ్యాక, "అక్కా, ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ దాచావు?" అంది. ఎవరు దాచారో ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం గౌను పెట్టెలోంచి తీయలేదు. రిహార్సల్‌కి వేసుకొచ్చిన వదులు నల్ల చొక్కాతోనే స్టేజీ ఎక్కాను. హాలు నిండిపోయింది. మా ఆయన వేళ్లు మొదలుపెట్టాయి, పాత శ్రుతిలోనే. దాని వెనకే రికార్డింగులోని ఆ ఇరవై ఆరేళ్ల పిల్ల గొంతు అందుకోబోయింది. అలవాటో, భయమో, మొండితనమో నేను అడగదలచుకోలేదు. చెయ్యెత్తాను. డ్రమ్స్ ఆగాయి. ఆఖరికి ఆయనా ఆగాడు.

మైకు దగ్గరకు తీసుకున్నాను.

"ఇన్నాళ్లూ నా బదులు పాడిన పిల్ల ఇవాళ రాదండీ. నేనొచ్చాను."