పదకొండో షరతు

కబడ్డీ లీగ్ వేలంలో మా తమ్ముడు మణిదీప్‌కి కోటీ పది లక్షలు పలికిన రోజున కడియంలో మా పేటంతా టపాకాయలు కాల్చింది. నేను మాత్రం ఒప్పందం కాగితం ఎప్పుడొస్తుందా అని చూశాను. వారానికి వచ్చింది. ముప్ఫై రెండు పేజీలు, అన్నీ ఇంగ్లీషే. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి, వరండాలో కుర్చీ వేసుకుని రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను.

జనం టీవీలో చూసిన అంకె వేరు, కాగితంలో ఉన్న డబ్బు వేరు. సంతకానికి ఇరవై శాతం. మిగతాది ఆడిన మ్యాచ్‌ని బట్టి. బెంచీ మీద కూర్చుంటే సగం. ఆఖరి వాటా సీజన్ అయిపోయాక, అదీ ఒళ్ళు బాగుంటేనే. అందులోంచి టాక్సు పోవాలి, ఏజెంటు ఉదయభాస్కర్‌కి పదో వంతు పోవాలి. సంతకం వాటా కింద ఇప్పటికి చేతికొచ్చింది పదిహేడు లక్షల చిల్లర. మూడేళ్ళ క్రితం వాడు మొదటిసారి లీగ్‌కి వెళ్ళినప్పుడు మొత్తం రేటే ఎనిమిది లక్షలు. కాబట్టి తక్కువేం కాదు. కానీ కోటి మాత్రం కాదు.

నాకు కుళ్ళు లేదంటే అబద్ధం. నేనూ కబడ్డీ ఆడాను. ఎనిమిదేళ్ళు, ఎడమ కార్నర్‌లో, రెండుసార్లు రాష్ట్రం తరఫున. వాడికి పదేళ్ళప్పుడు చర్చి వెనక ఖాళీ స్థలంలో చీలమండ పట్టేసి పడేసింది నేనే. పట్టు విడిపించుకోవడం వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు. నా ఆటకి వచ్చినవి రెండు కుక్కర్లు, ఒక గోడ గడియారం. ఆడపిల్లలకీ లీగ్ పెడతామన్నారు, అంటూనే ఉన్నారు, నాకు ముప్ఫై దాటాయి.

ఆ కాగితంలో పదకొండో షరతు దగ్గర నేను ఆగిపోయాను. ఆటగాడి పేరు ఏ కొట్లాటలోనూ, ఏ పోలీసు కేసులోనూ కనబడకూడదట. ముద్దాయిగానే కాదు, ఫిర్యాదిగా కూడా, సాక్షిగా కూడా. కనబడితే ఒప్పందం రద్దు, అప్పటిదాకా ఇచ్చింది వెనక్కి. తమ్ముణ్ణి కూర్చోబెట్టి మూడుసార్లు చెప్పాను. సరే అక్కా, సరే అక్కా అంటూ ఫోన్ చూసుకున్నాడు.

ఆ షరతు వాడు నోరు జారితే బయటపడలేదు. నేను జారాను. త్రిమూర్తులు గారి నర్సరీలో నేను సూపర్‌వైజర్ని, లారీలకి ఎక్కే మొక్కలు చూసుకోవడం నా పని. ఒక పొద్దున ఆడవాళ్ళు కవర్లలో మట్టి నింపుతుంటే అచ్చాయమ్మ అడిగింది, మీ వాడు ఇంక మాలాంటోళ్ళతో మాట్టాడతాడా అని. నాకు కాస్త గర్వం తలకెక్కి ఉంది. మాట్లాడడమేంటి, వాడిప్పుడు దారినపోయేవాడు చెంప మీద కొట్టినా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాల్సిందే, చెయ్యెత్తాడా కోటీ పోతుంది అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ మాట త్రిమూర్తులు గారి చెవిన పడింది.

త్రిమూర్తులు గారి గురించి ఉన్నమాట చెప్పాలి. ఆయన తన పేరు మీదే కబడ్డీ క్లబ్బు పెట్టాడు. మా తమ్ముడికి ఆరేళ్ళు రోజూ రెండు గుడ్లు, గ్లాసుడు పాలు, బూట్లు, పోటీలకి బస్సు ఛార్జీలు ఇచ్చాడు. అవి లేకపోతే వాడు లేడు. కానీ వాడికి పదిహేడేళ్ళప్పుడు ఒక బాండు పేపరు మీద సంతకం పెట్టించుకున్నాడు, ఆట మీద వచ్చేదాంట్లో బతికినంతకాలం సగం ఆయనదని. ఎనిమిది లక్షల ఏడాది నాలుగు తీసుకున్నాడు. తర్వాత రేటు ముప్ఫైకి పెరిగింది, పదిహేను తీసుకున్నాడు. ఇప్పుడు యాభై ఐదు అన్నాడు, అదీ ఒక్కసారే. విడతలుగా వస్తుందండీ అని మణి చెబితే నమ్మలేదు. మైనరు సంతకం చెల్లదని ఉదయభాస్కర్ ఫోన్‌లో అన్నాడు, ఆ ముక్కతో ఆయనకి పిచ్చెక్కింది.

నా మాట ఆయన చెవిన పడ్డ రెండో రోజే సన్మానమని కబురు పెట్టాడు. గురువారం పదకొండు గంటలకి, నర్సరీలోనే. వాడు జట్టు క్యాంపుకి వెళ్ళడానికి ఇంకా పన్నెండు రోజులుంది. వద్దురా అన్నాను. పిలిస్తే వెళ్ళకపోతే పొగరనుకుంటారు అని మా అమ్మ సంపూర్ణమ్మ వాడికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. మా దగ్గర ఈ జబ్బొకటుంది. చంపడానికి పిలిచినా శాలువా కప్పుతామంటే వెళ్ళిపోతాం.

లారీలు లోడయ్యే సిమెంటు గచ్చు మీద కుర్చీ వేశారు. నలభై మంది కూలీలు చుట్టూ ఉన్నారు. త్రిమూర్తులు గారు శాలువా కప్పాడు, దండ వేశాడు, చప్పట్లు కొట్టించాడు. ఆయన మేనల్లుడు సురేష్‌బాబు ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ఫొటోల కోసమనుకున్నాను. అప్పుడు ఆయన వంగి, డబ్బెప్పుడు తెస్తావని అడిగాడు. మణి మళ్ళీ విడతల సంగతి మొదలుపెట్టాడు. మాట పూర్తికాకముందే చెంప పగిలింది.

“కొట్టరా. చెయ్యెత్తు. ఫోన్లో తీస్తన్నాడు, చూసుకుని మరీ ఎత్తు,” అన్నాడు త్రిమూర్తులు గారు.

మా వాడు లేచి నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. వాడి ఒంటి సంగతి నాకు తెలుసు. ఆరుగురు మీద పడితే ఈడ్చుకుపోయే తొడలవి. ఆ గచ్చు మీదున్న మగాళ్ళందరినీ పావుగంటలో పడుకోబెట్టగలడు. వాడు మాత్రం తల దించుకుని నిలబడ్డాడు. లోడింగ్ చేసే ఇద్దరు రబ్బరు పైపులు తీసుకున్నారు. వీపు మీద, పిక్కల మీద, మెడ మీద వాయించారు. తెల్ల చొక్కా చిరిగి ఒంటికి అంటుకుపోయింది. మూతి మీద పిడికిలి పడ్డప్పుడు ఒక పన్ను ఊడి గచ్చు మీద పడింది. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, రావద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను ఆగాను. ఆ షరతు చదివింది నేనే కదా, మూడుసార్లు చెప్పింది నేనే కదా. ఒక్కో దెబ్బకీ వాడి జీతం ఇంత అని నాకు నేను నచ్చజెప్పుకుంటూ నిలబడ్డాను. నలభై మందిలో ఒక్కరూ కదల్లేదు. అచ్చాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు త్రిమూర్తులు గారు పలుగు తెప్పించాడు. వాణ్ణి పడుకోబెట్టి కుడికాలు ఇటుకల గట్టు మీద చాపమన్నాడు. ఇద్దరూ భుజాల మీద కూర్చున్నారు.

“నాకు రానిది నీకూ రాదురా,” అన్నాడు. పెద్దగా కూడా అనలేదు.

మణి కుడి భుజం పైకి లేవడం చూశాను. ఇంకో క్షణంలో ఆ ఇద్దరూ గాల్లో ఉంటారు, ఫోన్‌లో అంతా పడుతుంది. కొడితే ఒప్పందం పోతుంది. కొట్టకపోతే మోకాలు పోతుంది, మోకాలు లేని రైడర్‌కి ఏ జట్టూ రూపాయి ఇవ్వదు. నాకు ఏ ఒప్పందమూ లేదు. నేను కదిలాను.

వెనకనుంచి వెళ్ళి త్రిమూర్తులు గారి ఎడమ చీలమండ పట్టి లాగాను. ఆరేళ్ళుగా ఆడలేదు, పట్టు మాత్రం పోలేదు. ఆయన బోర్లా పడ్డాడు, గడ్డం గచ్చుకి తగిలి నోటినిండా నెత్తురు. సురేష్‌బాబు మణికట్టు మీద తన్నాను, ఫోన్ ఎగిరి మొక్కలు తడిపే నీళ్ళ తొట్టిలో పడింది. పైపులవాళ్ళు లేచేలోపు పార నా చేతిలోకి వచ్చింది. దాని వెనక వైపుతో ఆయన మోకాలి కింద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండో దెబ్బ అవసరం లేదు. మూడోది అస్సలు లేదు. రెండూ కొట్టాను. మూడోది ఆయన అడ్డం పెట్టిన చేతి మీద పడింది, వేళ్ళు చితికిపోయాయి. ఎన్నేళ్ళుగానో నాలో ఉన్నదేదో బయటికి పోయినట్టు హాయిగా అనిపించింది. అది దాచుకోను.

పైపులవాళ్ళు దగ్గరికి రాలేదు. మణిని పొమ్మన్నాను. వాడు కుంటుకుంటూ క్రోటన్ వరసల మధ్యనుంచి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. నేను పార పక్కన పెట్టి తొట్టి దగ్గర చేతులు కడుక్కుని కూర్చున్నాను. గంటలో పోలీసులు వచ్చారు.

ఫిర్యాదులో మణి పేరే లేదు. ఆలస్యంగా వచ్చినందుకు మందలిస్తే సూపర్‌వైజరు రెబెక్కా యజమానిని పారతో కొట్టి చంపబోయిందని రాశారు. త్రిమూర్తులు గారు రాజమండ్రి ఆసుపత్రిలో కాలికి రాడ్లు వేయించుకుంటూ కూడా తెలివి పోగొట్టుకోలేదు. వాడి పేరు రాస్తే ఒప్పందం పోతుంది, ఒప్పందం పోతే ఆయన సగం పోతుంది. కూలీలెవరూ ఏమీ చూడలేదు. అటు తిరిగి కవర్లు నింపుకుంటన్నానండి అని అచ్చాయమ్మ చెప్పిందట. దాన్ని తప్పుపట్టను, దానికి ఆ కూలే తిండి.

ఎస్సై మంచివాడే. నా మాటంతా విని, తమ్ముడి కాలు విరగ్గొడుతుంటే అడ్డంపడ్డావంటే కేసు రంగే మారిపోతుందమ్మా అన్నాడు. వాడొచ్చి ఆ ఒక్క ముక్క చెప్పాలి, ఒంటి మీద దెబ్బలు చూపించాలి. లేకపోతే హత్యాయత్నం, రిమాండు. రేపు మధ్యాహ్నం లోపు తేల్చుకోమన్నాడు.

ఆ రాత్రంతా మణి ఏం చేస్తాడో ఆలోచించాను. వాడు వస్తాడు. నేను చెబుతానక్కా, పోతే పోనీ కోటి అంటాడు. నేను వద్దంటాను. వాడు వినడు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. నేను తిట్టి, ఒట్టు వేయించుకుని పంపించేస్తాను. నేను జైలుకి వెళ్ళడానికి సిద్ధంగానే ఉన్నాను, ఒట్టు. వాడు ఒక్కసారి చెబుతానంటే చాలు నాకు. ఆ మాట విని, వద్దని చెప్పి, నా అంతట నేను వెళ్ళాలని ఉంది.

మర్నాడు పదిన్నరకి వచ్చాడు. టోపీ, మాస్కు, మెడ దాకా కాలరున్న ఫుల్ చేతుల చొక్కా. వెంట ఉదయభాస్కర్. ఎస్సై కోర్టుకి వెళ్ళాడు. రైటరు వీరబ్రహ్మం గారు, ఒక ఆడ కానిస్టేబులు ఉన్నారు. నేను బల్ల మీదనుంచి లేచాను.

“మోకాలు బాగానే ఉందక్కా. స్కాన్ తీయించాం,” అన్నాడు. వాడి మొదటి మాట అది.

నా గుండె నిజంగానే కుదుటపడింది. దేవుడున్నాడు అన్నాను. అప్పుడు ఉదయభాస్కర్ ఫైలు తెరిచి, జట్టువాళ్ళు అడిగితే చూపించడానికట, రెండు కాగితాలు తీశాడు. గురువారం పదకొండు గంటలకి మణిదీప్ రాజమండ్రిలో జిమ్‌లో ఉన్నాడని ఒకటి. కింద మా వాడి సంతకం అప్పటికే ఉంది, నీట్‌గా, పొడుగ్గా, అభిమానుల పుస్తకాల్లో పెట్టినట్టు. రెండోది నా వాంగ్మూలం, తమ్ముడు అక్కడ లేడని. ఖర్చులన్నీ మేం చూసుకుంటాం మేడమ్, మంచి లాయర్ని పెడతాం అన్నాడు ఏజెంటు. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు కూడా వేసి తెచ్చాడు.

ఎప్పుడు పెట్టావురా అని వాణ్ణి అడిగాను. నిన్న సాయంత్రమే అన్నాడు. నేను లాకప్పులో మొదటి ముద్ద తినకముందే.

“నువ్వు కూడా పెట్టెయ్ అక్కా. నువ్వే కదా చదివి చెప్పావు, సాక్షిగా ఉన్నా పోతుందని,” అన్నాడు.

పెన్ను తీసుకున్నాను. నా వాంగ్మూలం కింద సంతకం పెట్టాను. కాగితం ఏజెంటుకిచ్చాను. తర్వాత మాస్కు కిందికి లాగి వాడి చెంప మీద, నిన్న వాచిన వైపే, నా బలమంతా పెట్టి కొట్టాను. కుట్లు ఊడి పెదవి మళ్ళీ చిట్లింది, నెత్తురు గడ్డం మీదుగా కాలరు మీద పడింది. ఆడ కానిస్టేబులు పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది. వీరబ్రహ్మం గారు కళ్ళజోడు సర్దుకుని, పెన్ను తీసి, ఇది కూడా రాయమంటారా అని మా ఇద్దరినీ అడిగారు.

రాసుకోండి అన్నాను నేను.

మణి మాస్కు పైకి లాక్కుని, రక్తం దాని వెనక దాచుకుంటూ చేతులు జోడించాడు.

“వద్దండి. నేనసలు ఇక్కడికి రాలేదండి.”